పాత 911 ఇంజన్ రీబిల్డ్: విప్పే ముందే ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి

పాత పోర్షే 911 ఉన్నవాళ్ళు నన్ను ఎప్పుడూ అడిగేది ఒకటే, ఇంజన్ రీబిల్డ్‌కి, అంటే ఇంజన్ మొత్తం విప్పి అరిగినవి మార్చి మళ్ళీ బిగించడానికి, ఎంత పడుతుంది అని. ఒక్క అంకె చెప్పమంటారు. నేను చెప్పలేను, ఎవరైనా ఫోన్‌లోనే ఒక్క అంకె చెప్పేశారంటే ఆ మనిషి దగ్గర కారు వదలకండి. ఈ ఇంజన్‌లో ఏం పోయిందో విప్పి కొలిస్తేగానీ తెలియదు, విప్పకముందు మీరు తేల్చుకోగలిగేది ఎంతదాకా వెళ్ళదలుచుకున్నారన్నదే. ఈ రెండిటినీ కలిపి లెక్క ఎలా వేసుకోవాలో నా 1982 911 ఎస్సీ మీద నేర్చుకున్నాను, ఆ వరుసలోనే చెబుతాను. నేను డాలస్‌లో ఉంటాను కాబట్టి ధరలన్నీ డాలర్లలో ఉంటాయి, నేను కట్టినవీ చుట్టుపక్కల విన్నవీ. మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ముందు మీ కారులో ఉన్నది ఏ ఇంజనో తెలుసుకోండి. 911లన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి కానీ లోపల రోగాలు వేరు. 1974 నుంచి 77 దాకా వచ్చిన 2.7 లీటర్లది మెగ్నీషియం కేసు (క్రాంక్‌ని పట్టి ఉంచే ఇంజన్ మధ్య పెట్టె), వేడికి హెడ్ స్టడ్లు (హెడ్లను కేసుకు బిగించే కడ్డీలు) మరలతో సహా కేసులోంచి ఊడి వస్తాయి, కాబట్టి ప్రతి స్టడ్డుకూ ఇన్సర్ట్ (కొత్త మరల తొడుగు) వేయించే ఖర్చు మొదటి రోజే రాసిపెట్టుకోండి. 1978 నుంచి 83 దాకా ఎస్సీ, 3.0 లీటర్లు, అల్యూమినియం కేసు, గట్టిది. 1984 నుంచి 89 దాకా 3.2 కరేరా, దానిలో చైన్ టెన్షనర్లకు (క్యామ్ చైన్లను బిగువుగా పట్టి ఉంచేవి) నేరుగా ఆయిల్ ప్రెషర్ ఇచ్చారు కాబట్టి అవి కూలబడే బాధ తగ్గింది కానీ వాల్వ్ గైడ్లు త్వరగా అరుగుతాయి. నేను ఇక్కడ ఎస్సీ గురించే ఎక్కువ చెబుతాను, నా చేతుల్లో నలిగింది అదే.

ఖర్చు ఇంత ఎందుకో ఒక్క మాటలో చెప్పాలంటే, ఈ ఇంజన్‌లో ఏది కొన్నా ఆరు కొనాలి. మామూలు కార్లకు ఒక బ్లాకు, దాని మీద ఒకటో రెండో హెడ్లు. దీనికి ఆరు సిలిండర్లు విడివిడిగా, ఆరు హెడ్లు విడివిడిగా, వాటిని కేసుకు పట్టి ఉంచే పొడవాటి స్టడ్లు 24. మెషీన్ షాపువాడు ఒక హెడ్డుకు చెప్పిన రేటు విని బాగానే ఉందనుకుంటాం, ఆరుతో హెచ్చవేస్తే గానీ అసలు సంగతి తెలియదు.

రీబిల్డ్ నిజంగా అవసరమా?

సగం మంది ఇక్కడే తొందరపడతారు. చాలా రోజులు ఆగిన కారు స్టార్ట్ చేస్తే గుప్పున నీలం పొగ వస్తుంది, ఇంజన్ అయిపోయిందని గుండె గుభేలుమంటుంది. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్ కాబట్టి ఆగినప్పుడు కొంత ఆయిల్ లోపలికి జారుతుంది, నిమిషం రెండు నిమిషాల్లో పొగ ఆగిపోతే దాని గురించి దిగులు పడొద్దు. వెయ్యి మైళ్ళకు ఒక క్వార్టు ఆయిల్ తాగినా ఇంజన్ దించక్కర్లేదు. మూడు నాలుగు వందల మైళ్ళకే క్వార్టు పోతుంటే మాత్రం టెస్టులు చేయించండి.

కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు రెండూ చేయించండి, 200, 300 డాలర్లకు అయిపోతుంది. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే విలువైన ఖర్చు లేదు. కంప్రెషన్ టెస్టు ప్రతి సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలుస్తుంది, ఆ అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే ఆరు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది చూడండి. లీక్‌డౌన్‌లో సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారిపోతోందో చూస్తారు. 5 శాతం లోపుంటే చాలా మంచిది, 10 దాకా నడుస్తుంది, 20 దాటితే ఏదో పోయినట్టే. పక్కనే నిలబడి వినండి, గాలి ఎక్కడ బుస్సుమంటోందో అది మీ బిల్లు చెబుతుంది. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ ట్యాంక్ మూత తీసి చెవి పెడితే అక్కడ వినిపిస్తే రింగులు. వాల్వులే అయితే పైభాగం పనితో, అంటే కేసు విప్పకుండా హెడ్లూ సిలిండర్ల వరకే చేసే పనితో, బయటపడే అవకాశం ఉంది.

ఇంకో చూపు ఉచితం, మీరే చేసుకోవచ్చు. కింది వాల్వ్ కవర్లు రెండూ విప్పి చూడండి. ఎస్సీలో కింది వరుస స్టడ్లు డైలవార్ అనే మిశ్రలోహంతో చేశారు, అల్యూమినియంతో పాటు సమానంగా సాగాలని. ఆలోచన మంచిదే, కానీ ఏళ్ళ తరబడి తేమ తగిలి వాటి మీద చిన్న గుంట పడుతుంది, అక్కడ నుంచి పగులు మొదలై ఒక రోజు టప్పున తెగుతుంది. నేను గరాజ్‌లో అట్టపెట్టె చింపి నేల మీద పరుచుకుని, వెల్లకిలా పడుకుని కవర్ దించినప్పుడు దానిలో ఆయిల్‌తో పాటు ఏదో గలగలమంది. వేలెడంత గుండ్రటి హెడ్ నట్టు, దాని లోపల ఇంకా బిగిసి ఉన్న స్టడ్డు ముక్క. తెగిన చోట ఒక అంచున బియ్యపు గింజంత గోధుమరంగు తుప్పు, మిగతా అంతా పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. కారు మాత్రం ఆ ముందు రోజు దాకా బాగానే నడిచింది, కొంచెం టిక్ టిక్ చప్పుడు తప్ప. ఒక్కటి తెగితే మిగతావాటి వయసు కూడా అంతే కదా, అప్పుడిక ఇంజన్ దించాల్సిందే.

ఎంతదాకా వెళ్ళాలో కాగితం మీద రాసుకోండి

ఇంజన్ దించక ముందే, తల చల్లగా ఉన్నప్పుడే రాయాలి. ఎందుకంటే విప్పి బల్ల మీద పరిచాక ప్రతి వస్తువూ "ఎలాగూ దించాం కదా" అనిపిస్తుంది, ఆ మాటతోనే బిల్లు తడిసి మోపెడవుతుంది.

ఉన్నది ఉన్నట్టుగా కొత్తగా చేయడం ఒక దారి. అమెరికా ఎస్సీకి 180 హార్స్‌పవర్, ఆ బరువుకు అది సరదాగానే ఉంటుంది. రెండో దారి పవర్ పెంచడం. 95 మి.మీ. పిస్టన్ల బదులు 98 మి.మీ. వేస్తే, స్ట్రోక్ 70.4 మి.మీ. అలాగే ఉంచి, 2994 సీసీ ఇంజన్ 3186 సీసీ అవుతుంది. ఇది చాలామంది చేసేదే, మంచి ఇంజనే. కానీ పిస్టన్, సిలిండర్ల సెట్‌కే నాలుగైదు వేలు దాటుతుంది, కథ అక్కడ ఆగదు. పెద్ద పిస్టన్లు వేశాక పదునైన క్యామ్, అంటే వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్టు, కావాలనిపిస్తుంది. ఎస్సీలో ఉన్న పాత సీఐఎస్ ఇంజెక్షన్ ఇన్‌టేక్ గాలి తోసే ఒక పళ్ళెం మీద ఆధారపడి నడుస్తుంది, పదునైన క్యామ్ వల్ల గాలి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటే ఆ పళ్ళెం ఊగిపోతుంది, ఐడిలింగ్ నిలవదు. అంటే ఇంజెక్షన్ పీకి కార్బురేటర్లు గానీ కొత్త ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ గానీ పెట్టాలి, ఇంకొన్ని వేలు. కంప్రెషన్ నిష్పత్తిని పదిన్నర దగ్గరికి తీసుకెళ్తే ఆ పెద్ద గుండ్రటి కంబస్షన్ చాంబర్‌కి ఒక ప్లగ్గు చాలదు, సిలిండర్‌కి రెండు ప్లగ్గులు, హెడ్లకు కొత్త రంధ్రాలు, కొత్త ఇగ్నిషన్. ఒక తీగ లాగితే డొంకంతా కదులుతుంది. సీఐఎస్ ఉంచుకుంటూనే కాస్త చురుకు కావాలంటే 964 (తర్వాత వచ్చిన 911) క్యామ్ ఆకారానికి గ్రైండ్ చేయించుకోండి, పాత క్యామ్‌నే చెక్కి ఇస్తారు. నేను అదే చేశాను, సంతోషంగా ఉన్నాను.

శాన్ హోసే, ఫ్రీమాంట్ వైపు ఉన్న మనవాళ్ళకు ఒక మాట. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు కార్లకే స్మాగ్ టెస్టు (పొగ కాలుష్య పరీక్ష) మినహాయింపు. 1982 ఎస్సీకి కార్బురేటర్లు పెడితే టెస్టులో పాస్ కాదు, కాబట్టి రెండో దారి ఖర్చు లెక్కేయక ముందే అది చూసుకోండి.

ఎవరికి ఇవ్వాలి, కొటేషన్ ఎలా చదవాలి

మొత్తం షాపుకే ఇచ్చేస్తే ఎస్సీ పూర్తి రీబిల్డ్‌కి ఇప్పుడు 18 వేల నుంచి 30 వేల దాకా వింటున్నాను, పవర్ పెంచితే ఆపైన. దీనిలో పెద్ద వాటా కూలీది. గంటకు 150 నుంచి 200, గంటలు 50, 60 సులువుగా పడతాయి, అంటే ఒక్క పార్టు, ఒక్క బోల్టు కొనకముందే 7,500 నుంచి 12,000. ఆ కూలీ ఎక్కువని నేను అనను, చేసే మనిషి నిజంగా తెలిసినవాడైతే. మీ చేత్తో మీరే విప్పి, మెషీన్ పనులు మాత్రం బయట చేయించి, మీరే బిగించుకుంటే 9 వేల నుంచి 13 వేల మధ్య బయటపడొచ్చు. దానికి ఓపిక, ఒక శీతాకాలం, పరిశుభ్రమైన చోటు కావాలి.

నేను ముందు షాపుకే ఇచ్చాను. పైభాగం పని మాత్రమే, 9 వేలు అన్నారు, నోటిమాట. నాలుగో నెలకి 17 వేలన్నారు. ఏది ఎంత అరిగిందో కొలతల కాగితం చూపించమంటే లేదు. సిలిండర్లు పోయాయన్నారు, ఎంత పోయాయంటే జవాబు లేదు. విప్పినందుకు 2,400 కట్టి, అట్టపెట్టెల్లో నా ఇంజన్‌ని ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత ఒక మెషీన్ షాపులో కొలిపిస్తే సిలిండర్లు లిమిట్లోనే ఉన్నాయి. ఆ కోపం కొన్నాళ్ళు పోలేదు, కానీ తప్పు నాదీ ఉంది, కాగితం లేకుండా ఒప్పుకున్నాను.

అందుకని రాతపూర్వకంగా ఇవి అడగండి. ఏ పనులు ధరలో ఉన్నాయి, ఏవి లేవు. మెషీన్ పని ఎవరు చేస్తారు. విప్పాక కొలతలన్నీ కాగితం మీద ఇస్తారా, నేను సరే అనేదాకా పార్టులు ఆర్డర్ పెట్టకుండా ఆగుతారా. తీసేసిన పాత పార్టులు నాకు తిరిగి ఇస్తారా. అడ్వాన్స్ విప్పడానికీ కొలవడానికీ సరిపడా మాత్రమే ఇవ్వండి, పార్టుల డబ్బు బిల్లు చూపించాకే. ఇంకొకటి, మీ కేసు మీదే ఉండాలి. కేసు మీద ఉన్న ఇంజన్ నంబర్ కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, దాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తే రేపు కారు అమ్మేటప్పుడు పోయే డబ్బు రీబిల్డ్ ఖర్చు కంటే ఎక్కువ కావచ్చు.

విప్పాక కొలవండి, కొలిచాకే కొనండి

మన ఊళ్ళో అంబాసిడర్‌కో బుల్లెట్‌కో పొగ మొదలైతే మెకానిక్ ఒకే మాట అంటాడు, ఇంజన్ బోరుకొచ్చిందండీ అని. లేత్ షాపులో బోర్ కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే మళ్ళీ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. ఈ ఇంజన్‌కి ఆ దారి లేదు. మాహ్లే సిలిండర్లైతే లోపల నికాసిల్ అనే పల్చటి గట్టి పూత ఉంటుంది, బోర్ కొడితే పూత పోతుంది. పూత బాగుంటే మాత్రం అది అద్భుతం, లక్షల మైళ్ళు తిరిగినా అరగదు, మెత్తగా గరుకు చేసి కొత్త రింగులు వేస్తే చాలు, 350 డాలర్లతో పోతుంది. పూత పోతే మళ్ళీ పూత వేయించాలి లేదా కొత్త సెట్ కొనాలి. కొన్ని ఎస్సీలకు కేఎస్ కంపెనీ ఆలుసిల్ సిలిండర్లు వచ్చాయి, వాటికి పూత ఉండదు, లోహంలోనే సిలికాన్ రేణువులుంటాయి. వాటికి రింగులు మార్చొచ్చా లేదా అన్నదాని మీద మెకానిక్‌లే రెండుగా చీలిపోయి ఉన్నారు, నేనైతే కొలతలు చాలా బాగుంటే తప్ప ఆ డబ్బు పెట్టను. చూశారా, ఒక్క సిలిండర్ దగ్గరే 350కీ 5,000కీ మధ్య ఊగుతోంది లెక్క. ఫోన్‌లో ఒక్క అంకె ఎలా చెబుతారు?

క్రాంక్ ఫోర్జ్ చేసిన ఉక్కు, చాలావరకు పాలిష్‌తో, పగుళ్ళ పరీక్షతో సరిపోతుంది. కనెక్టింగ్ రాడ్ బోల్టులు పాతవి మళ్ళీ వాడొద్దు, ఒకసారి బిగిస్తే సాగిపోయేవి అవి. హెడ్లకు గైడ్లు, వాల్వులు, సీట్లు కలిపి 2,000 నుంచి 3,000. స్టడ్లు 24 కొత్తవి, మంచివి, 600 దాకా. మెయిన్, రాడ్ బేరింగులు 600 నుంచి 900.

మీ ఇంజన్ బేరింగ్ పోయి ఆగిందా? అయితే ఇంకో ఖర్చు ముందే రాసుకోండి, దీన్ని మర్చిపోయి కొత్త ఇంజన్లు పాడు చేసుకున్నవాళ్ళున్నారు. ఇది డ్రై సంప్ ఇంజన్, ఆయిల్ ఇంజన్ కింద కాకుండా వేరే ట్యాంకులో ఉంటుంది, అక్కడ నుంచి గొట్టాల్లో ముందు ఫెండర్‌లో ఉన్న కూలర్ దాకా వెళ్ళి వస్తుంది. బేరింగ్ పొడి అంతా ఆ దారిలో పేరుకుని ఉంటుంది. ట్యాంకు, గొట్టాలు, రెండు కూలర్లు (ఇంజన్ మీదదీ, ఫెండర్‌లోదీ) లోపలంతా కడిగించాలి, కూలర్ శుభ్రం కాదంటే మార్చేయాలి. ఇక్కడ 800 మిగుల్చుకుంటే కొత్త బేరింగుల్లోకి పాత ఇసుక పంపినట్టే.

"ఎలాగూ దించాం కదా" అనేవాటిలో కొన్నిటికి నిజంగా తల ఊపాలి. క్లచ్ ఒకటి, ఎస్సీకి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రబ్బరు మధ్యభాగం డిస్కు ఇంకా ఉంటే అది ముక్కలై పోతుంది. చైన్ టెన్షనర్లు మరొకటి, కరేరా వాటికి మార్చేయండి, పాతది కూలబడితే చైన్ దూకి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. నలభై ఏళ్ళ పెట్రోల్ గొట్టాలు మూడోది, వేడి ఇంజన్ పక్కన కారితే కారే మిగలదు. ఎయిర్‌బాక్స్‌కి (ఇన్‌టేక్ గాలి పెట్టె) పాప్-ఆఫ్ వాల్వ్ (ఒత్తిడి వదిలే మూత) లేకపోతే పెట్టించండి, బ్యాక్‌ఫైర్ కొడితే ఆ ప్లాస్టిక్ పెట్టె పగిలిపోతుంది. పౌడర్ కోటింగ్, క్రోమ్, మెరుపులు ఇవేవీ ఇంజన్‌ని నడిపించవు, వాటిని తర్వాత చూసుకోవచ్చు.

నాకు అయినవి: హెడ్లు 2,600, స్టడ్లు 600, రాడ్లు బోల్టులతో 750, బేరింగులు 800, క్రాంక్ 300, గ్యాస్కెట్లు 450, చైన్లూ టెన్షనర్లూ 1,100, క్యామ్‌లూ రాకర్లూ 800, రింగులు 350, కేసు కడిగించి చూపించడం 500, క్లచ్ 1,100, గొట్టాలూ ఎయిర్‌బాక్సూ 1,300, పనిముట్లు 600, ఆయిల్, సీలెంట్ వగైరా 200. మొత్తం 11,450, మొదటి షాపుకు కట్టిన 2,400 కాకుండా. దీనిలో క్లచ్, గొట్టాలు, పనిముట్లు కలిపి 3,000, అంటే పావు వంతుకు పైగా ఇంజన్ లోపలికి వెళ్ళనే లేదు. మీ లెక్క ఎంత జాగ్రత్తగా వేసుకున్నా దాని మీద 30 శాతం పక్కన పెట్టుకోండి, అది లేకుండా మొదలుపెడితే ఇంజన్ ముక్కలుగా ఏళ్ళ తరబడి గరాజ్‌లో కూర్చుంటుంది, అలాంటివి చాలా చూశాను.

బిగించడం, మొదటి స్టార్టు

మీరే బిగిస్తుంటే కేసు రెండు సగాలు కలిపే రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. సీలెంట్ పూశాక గడియారం మొదలైనట్టే, అది గట్టిపడేలోగా క్రాంక్, రాడ్లు, ఇంటర్మీడియట్ షాఫ్టు, చైన్లు అన్నీ చోట్లో ఉండగా మూసి, బోల్టులన్నీ వరుసలో టార్క్ పెట్టాలి. బోల్టులు, వాషర్లు, రెండు చివర్లకీ ఓ-రింగులు ముందే పళ్ళెంలో పేర్చిపెట్టుకోండి. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని వరుస చదువుతూ, ఒక్కోటి అయ్యాక పెన్సిల్‌తో టిక్కు పెట్టింది. ఏడో బోల్టు దగ్గర "ఆగండి, దీనికి ఓ-రింగ్ వేశారా?" అంది. వేయలేదు. అది అలాగే పోయి ఉంటే ఇంజన్ మొత్తం మళ్ళీ విప్పేదాకా అక్కడ నుంచి ఆయిల్ కారుతూనే ఉండేది. ఇంకొకరు పక్కన ఉండాలని అందుకే చెబుతున్నాను.

క్యామ్ టైమింగ్ డయల్ గేజ్‌తో పెట్టాలి, కళ్ళ అంచనాతో కాదు, చేతకాకపోతే ఆ ఒక్క పనికి తెలిసినవాళ్ళని పిలిచి డబ్బివ్వండి. వాల్వ్ క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు 0.10 మి.మీ.

మొదటి స్టార్టుకు ముందు ఇగ్నిషన్, ఫ్యూయల్ పంప్ రెండూ ఆపేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్ తిప్పండి, మధ్యమధ్య ఆగుతూ. తర్వాతే ఇంజన్ అందుకోనివ్వండి. క్యామ్‌లు చెక్కించి ఉంటే 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచండి, ఐడిల్‌కి దించొద్దు. ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయండి. తర్వాత రోడ్డు మీదికి తీసుకెళ్ళి కాస్త లోడ్ ఇస్తూ, వదులుతూ నడపండి, రింగులు కూర్చోవాలంటే ముద్దు చేస్తూ నడిపితే కుదరదు. 500 మైళ్ళకు ఇంకోసారి ఆయిల్, 1,000 మైళ్ళకు వాల్వులు మళ్ళీ సర్దడం, ఈ రెండు ఖర్చులూ కూడా మీ కాగితంలో ఉండాలి.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్‌ని కోసి, మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. నాది మొదటిసారి సన్నటి వెండి పొడి, కాస్త సీలెంట్ పీచు కనిపించాయి, 500 మైళ్ళకు ఆ పొడి బాగా తగ్గింది, 1,000కి గుడ్డ మీద నల్లటి ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు.